ఏడు పెర్చుల పెరడు

చెఱకు తోటలలో తరతరములుగా కూలిపని చేసిన కుటుంబమునకు సొంత నేల యనునది చిన్న విషయము కాదు. మారిషసు దీవిలో 2001వ సంవత్సరమున చక్కెర పరిశ్రమను సంస్కరింపబూనినపుడు స్వచ్ఛంద విరమణ పథక మొకటి ఏర్పడెను. దాని ప్రకారము పని విడిచిన కూలీలకు కొంత ధనమును, దానితోకూడ 7 పెర్చుల నేలయు ఈయబడెను. 2007లో అట్టి పథకమే మరల వచ్చెను. 7 పెర్చులనగా సుమారు 295 చదరపు మీటర్లు. కొందరికి ఆ నేల చేతికి వచ్చుటకే సంవత్సరములు పట్టెను. ఇల్లు కట్టగా మిగిలినది వాకిట నాలుగు బారలు, పెరట ఆరు బారలు. అంత మాత్రమే యైనను అది తమది. తోట కాంపులలో వరుస గదులయందు పుట్టి పెరిగినవారికి, గడప దాటగానే దొరవారి చెఱకే కనబడుచుండిన వారికి, ఆ ఆరు బారల పెరడు ఒక రాజ్యమువలె తోచుట వింత కాదు.

ఆ రాజ్యములో మొట్టమొదట ఏమి నాటబడినది? ఈ పేటలలో ఏ వీథిలోనికి పోయి చూచినను ఇంచుమించు ఒకే పట్టిక కనబడును. వాకిట తులసికోట, ప్రక్కన ఎఱ్ఱమందార, వెనుక కరివేప, మునగ, అరటి, తావు చాలినచోట మామిడి, లిచ్చి, సీమపనస, ప్రహరిపైన బోగన్‌విల్లా తీగ, వీథిమొగమున అగ్నిజ్వాలవలె పూయు ఫ్లాంబోయా. ఇవి అన్నియు మంచి చెట్లే. అయితే వీనిలో ఒక్కటియైనను ఈ దీవిలో పుట్టినది కాదు. ఫ్లాంబోయా మడగాస్కరు నుండి వచ్చినది. బోగన్‌విల్లా దక్షిణ అమెరికాది. సీమపనస పసిఫిక్కు దీవులది. లిచ్చి చీనా దేశముది. కరివేపయు తులసియు ఎచ్చటివో చెప్పనక్కరలేదు. దీవి తన కడుపున కన్న చెట్టు ఏడు పెర్చులలో ఒక్క మూరెడు తావునకైన నోచుకొనలేదు.

ఇందుకు కూలీలను నిందించుట న్యాయము కాదు. వారి పూర్వికులు కోరంగి రేవునుండియు, ఆ తీరపు ఇతర రేవులనుండియు ఓడ లెక్కి ఇచ్చట దిగునాటికే ఈ దేశపు అడవి నశింపసాగియుండెను. ఒలందావారు 1598లో ఈ దీవికి పేరు పెట్టి, 1638లో కాపురమునకు వచ్చిరి. వారికి కావలసినది నల్లచేవమాను. వారు 1639లో జావా నుండి చెఱకును, జింకలను కొనివచ్చిరి. 1710లో వారు దీవిని విడిచిపోవునప్పటికి కరకరలాడు నల్లచేవను ఓడల కొలది ఐరోపాకు సాగించియుండిరి. డోడో పక్షి అప్పటికే లేదు. తరువాత ఫ్రెంచివారు, 1810 తరువాత ఇంగ్లీషువారు. చెఱకు పెరిగినకొలది అడవి తరిగెను. 1834 మొదలుకొని వచ్చిన నాలుగున్నర లక్షలకు పైబడిన ఇండియా కూలీలకు దీవి యనిన చెఱకే. చెట్టు అనిన గట్టుమీద దొరవారు నాటించినదే. నేడు మంచి స్థితిలోనున్న సహజారణ్యము దీవి వైశాల్యములో నూటికి రెండు పాళ్లైనను లేదు.

చెట్లు పోయినను పేర్లు మిగిలినవి. వకోవా పట్టణము దేనిపేరిట వెలసినది? ఈ దీవి మొగలిజాతి చెట్లకు వకోవా యనియే పేరు. అద్దాల మేడలతో నిండిన ఎబెన్ నగరము పేరునకు అర్థము నల్లచేవమాను. పోర్టు లూయీ దగ్గర పారు లతానియే యేటికి ఒక తాటిజాతి చెట్టు పేరు పెట్టినది. ఎబెన్‌లో పనిచేయు పడుచువారు దినమునకు పదిమార్లు ఆ పేరు పలుకుదురు. ఆ చెట్టును మాత్రము చూచినవారు అరుదు.

ఇచ్చట తెలుగు కుటుంబములకు ఒక సదుపాయము గలదు. దీవి చెట్లలో అనేకములు తెలుగు సీమ చెట్లకు జ్ఞాతులు. కొన్ని అచ్చముగా అవియే. నల్లచేవమాను మన తుమికి చెట్టునకు సోదరి. అవ్వలు ఎండకాలములో తుమికిపండ్లు ఏరుకొని తినిన కథ ఎవరి ఇంటనైన మిగిలియుండినచో, ఆ చెట్టు బంధువే ఇచ్చటి కొండలలో నిలిచియున్నదని పిల్లలకు చెప్పవచ్చును. తాతామాకా యను మాను పొన్నచెట్టు జాతిది. మారిషసులోను రెయూనియనులోను తప్ప వేరెచ్చటను సహజముగా పుట్టదు. నాత్ అని పిలువబడు చేవగల మ్రాకులు పొగడచెట్టు కుటుంబములోనివి. వకోవాలు మొగలిపొదకు దాయాదులు. ఈ ఒక్క దీవిలో వానిలో ఇంచుమించు ఇరువది జాతులు పుట్టినవి. గోనెసంచులు రాకపూర్వము చక్కెర నింపు సంచులు అల్లిన ఆకు మాత్రము మడగాస్కరు నుండి తెచ్చి నాటిన మరియొక వకోవాది. ఈ భేదము తెలియనివారు రెంటిని ఒకటిగా నెంచుదురు.

బంధువులే కాక అచ్చముగా మన చెట్లును ఉన్నవి. బందారు పొదను ఎరుగని మెట్టరైతు తెలుగు దేశమున ఉండడు. పొలము గట్టున కంచెగా పెరుగును. మేకలు అంతగా ముట్టవు. వర్షము లేకున్నను నిలుచును. అదే పొద మారిషసులో మనుష్యుడు కాలుపెట్టక మునుపునుండియు ఉన్నది. ఇచ్చట దానిని బ్వా ద రెనెత్ అందురు. సముద్రపు ఇసుకపై ప్రాకుచు ఊదారంగు పూలు పూయు బాలబంది తీగయు అట్టిదే. కోరంగి ఒడ్డున ఏ తీగపై అడుగువేసి తాతలు పడవ ఎక్కిరో, ఆ తీగయే ఇచ్చటి ఒడ్డునను వారికి ఎదురైనది. సముద్రము దానికి అడ్డము కాదు. దాని విత్తులు ఉప్పునీటిపై తేలిపోయి ఒడ్డు చేరి మొలచును. ఆ తీగను పెరికి దాని తావున సరుగుడు నాటినది మనుష్యులే. సరుగుడు ఆస్ట్రేలియాది. రెండు తీరములందును అది నేడు పాతకాపువలె కనబడుచున్నది.

ఇక వలస చెట్లన్నింటిని నరికివేయవలెనా యను ప్రశ్న పుట్టును. దేశపు చెట్ల మాట ఎత్తినంతనే పెద్దవారు ఉలికిపడుదురు. “అయితే మా తులసికోటను పెరికివేయమందువా నాయనా? వేపచెట్టు లేక ఉగాదికి పువ్వెచ్చట తెత్తును?” అని ముసలమ్మలు అడుగుటలో తప్పు లేదు. ఉగాది ఈ దేశమున ప్రభుత్వము గుర్తించిన సెలవుదినము. ఆ పచ్చడికి వేపపువ్వును, మామిడియు, చింతయు కావలెను. ఆ చెట్లను కదలింప నవసరము లేదు. చెట్టునకు పరదేశమున పుట్టుటయే నేరమైనచో, మొదట మనుష్యుల విషయమే విచారింపవలసి వచ్చును. ఈ దీవిలో మనుష్యు లందరును వలస వచ్చినవారే.

నేరము వేరొకచోట నున్నది. కొన్ని చెట్లు నాటినచోట నిలుచును. కొన్ని గోడ దూకి అడవిలో పడును. తులసి గాని కరివేప గాని కొండ ఎక్కి నల్లచేవమానును చంపలేదు. చీనా జామ అట్లు కాదు. పేరు చీనాయే గాని దాని పుట్టినిల్లు బ్రెజిలు. ఎఱ్ఱని చిన్న పండ్లు, పుల్లనితీపి, ఉప్పుకారము చల్లుకొని తినుటకు కుటుంబములు సెలవుదినములలో బుట్టలు పట్టుకొని కొండలకు పోవుట ఈ దేశమున ఒక వేడుక. ఆ వేడుక అట్లే యుండగా, పక్షులును, కోతులును, అడవిపందులును ఆ విత్తులను మోసికొనిపోయి అడవియంతట చల్లుచున్నవి. అది దట్టముగా మొలచి నీడ పఱచుటచేత దేశపు చెట్ల మొలకలు వెలుగులేక చచ్చుచున్నవి. పాత మానులు నిలిచియున్నను వానికి సంతానము లేదు. దూరమునుండి చూచినవానికి అడవి పచ్చగానే యున్నదని తోచును. అసలు సంగతి లోపలికి పోయినగాని తెలియదు. ప్రివెట్టు పొదయు, మడగాస్కరు రవనాలయు ఇట్టి పనియే చేయుచున్నవి.

వీనిలో మరియొకదాని పేరు వినినచో తెలుగు చదువరులకు మనసు చివుక్కుమనును. అది మాధవీలత. కావ్యములలో మావిగున్నను పెనవేసికొనిన ఆ తీగకు ఇచ్చట లియాన్ సెర్ అని పేరు. తెల్లని పూరేకులలో ఒకదానిపై పసుపు చార, ఇంపైన వాసన. దాని అందమునకు లోపము లేదు. పూలతోటల కొఱకే దానిని తెచ్చిరి. దాని కాయకు మూడు రెక్కలు కలవు. గాలి వీచగానే అవి గిరగిర తిరుగుచు దూరముగా పోయిపడును. పుట్టినింట దానిని అదుపుచేయు పురుగులును చెట్లును కలవు, ఇచ్చట లేవు. మారిషసులోని పశ్చిమపు పొడి అడవులలో అది చెట్లపై కెగబ్రాకి, కప్పి, వెలుగు మాపి చంపుచున్నది. ప్రపంచములో మిక్కిలి కీడుచేయు నూరు ఆక్రమణ జీవుల పట్టికలో దాని పేరు ఎక్కినది. మన దేశపు తీగ గదా యని మమకారముతో ఎవరైన దానిని ప్రహరిపై ప్రాకింపదలచినచో మానుకొనవలెను. ఉన్నచో కాయ కాయకముందే వేరుతో తీసివేయవలెను. తులసిని ఉంచుకొని మాధవిని విడుచుట, ఇంతియే కోరదగినది.

అట్లు ఖాళీయైన తావున ఏమి నాటవలెనో చూతము. ఆడపిల్లలకు మొదట నచ్చునది బూక్ల్ దొరెయ్. ఆ మాటకు చెవికమ్మ యని అర్థము. 1992 మార్చి 12వ తేదీన దేశము రిపబ్లిక్కైనపుడు దీనిని జాతీయపుష్పముగా నిర్ణయించిరి. లె మోర్న్ కొండమీద పుట్టిన ఈ పొదకు ఎఱ్ఱని గంటలవంటి పూలు క్రిందికి వ్రేలాడును. దాని పువ్వులోని తేనె సాధారణమైన నీరువంటిది కాదు, ఎఱ్ఱగా నుండును. ప్రపంచములో రంగుతేనె గల పూలు బహు కొద్ది. ఆ రంగు ఎవరికొఱకో తెలిసినచో ముసలమ్మలకు నవ్వు వచ్చును: అది బల్లికొఱకు. ఇంటి కప్పున కిచకిచలాడి శకునము చెప్పు బూడిదరంగు బల్లి కాదు. పగటిపూట తిరుగుచు పచ్చగా, నీలముగా మెరయు ఈ దీవి బల్లి. అది తేనె నాకుటకు పువ్వులో తల దూర్చును; పుప్పొడి దాని నెత్తికి అంటుకొనును; మరియొక పువ్వునకు చేరును. తుమ్మెద చేయవలసిన పనిని ఇచ్చట బల్లి చేయుచున్నది.

ఈ పువ్వునకు దగ్గరి బంధువైన మరియొక జాతి మెరకనేలలలో నున్నది. దాని విషయమై 2007లో ప్రకటింపబడిన ఒక పరిశీలన తోటవారందరు తెలిసికొనదగినది. వకోవా పొదలకు దగ్గరగా నున్న మొక్కలకు కాయలు ఎక్కువగా పట్టినవి. దూరముగా నున్నవానికి తక్కువ. కారణము వెదుకగా, బల్లులు డేగల భయముచేత వకోవా ముండ్ల ఆకుల సందున దాగుకొనుచున్నవి. ఆ దాపును విడిచి చాల దూరము పోవు. కాబట్టి పువ్వును నాటుట మాత్రమే చాలదు. పువ్వునకు బల్లి కావలెను, బల్లికి దాగుకొనుటకు పొద కావలెను. పెరటిలో ఒక్క అందమైన మొక్కను తెచ్చి నగవలె నిలిపి చూచుకొనువారు ఈ సంగతిని మరచుచుందురు. పిల్లులు పెంచువారును, వారము వారము పురుగుమందు చల్లువారును మరింత మరచుచుందురు.

మందారము పెంచువారికి మాంద్రినెత్ అను దీవి మందారము గలదు. లె మోర్న్‌లోను, కోర్ ద గార్డ్ కొండమీదను తప్ప అడవిలో మరెచ్చటను కనబడదు. పువ్వు ఎఱ్ఱనిది, చిన్నది. కొప్పులో పెట్టుకొనుటకు పెద్ద మందారమునకు తీసిపోదు.

పెరటికి చెట్టు కావలెననువారు బ్వా దొలీవ్‌ను విచారింపవచ్చును. దీని విచిత్రము చెప్పదగినది. చిన్నతనమున దీని ఆకులు నడిమి ఈనె ఎఱ్ఱగా నుండి, పట్టెలవలె సన్నగా పొడవుగా వ్రేలాడును. చెట్టు ఎత్తు పెరిగినపిమ్మట పచ్చని వెడల్పాకులు పుట్టును. ఒకే చెట్టునకు రెండు రూపములు. పూర్వము ఈ దీవిలో పెద్ద తాబేళ్లు మందలుగా తిరిగెడివి. అవి మెడ చాచి అందుకొనగల ఎత్తువఱకు చెట్టు తినదగని ఆకువలె వేషము వేసి, ఆ ఎత్తు దాటినపిమ్మట నిజరూపము చూపుచున్నదని శాస్త్రజ్ఞులు ఊహించుచున్నారు. తాబేళ్లు పోయి చిరకాలమైనను చెట్టు ఇంకను జాగ్రత్తపడుచునే యున్నది.

తాబేళ్లు పోవుటచేత వేరొక చెట్టునకు నష్టము కలిగెను. మహేబూరు ఎదుట సముద్రములో సుమారు 26 హెక్టారుల చిన్న దీవి గలదు. దాని పేరు ఇల్ ఓజెగ్రెత్. 1965లో అది రక్షితస్థలముగా ప్రకటింపబడెను. 1984లో స్థాపింపబడిన మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషనువారు అచ్చటి కలుపుచెట్లను పెరికి, దేశపు చెట్లను నారుపోసి నాటిరి. అచ్చట తీరపు నల్లచేవమానులు మిగిలియున్నవి గాని, పండ్లు తల్లిచెట్టు క్రిందనే రాలి యుండెడివి. విత్తులను మోయువారు లేరు. 2000వ సంవత్సరము మొదలుకొని అల్డాబ్రా దీవి పెద్ద తాబేళ్లను తెచ్చి విడిచిరి. అవి పండ్లు మ్రింగి, నడచినచోటనెల్ల విత్తులు విడిచినవి. ఆ చోట్ల మొలకలు లేచినవి. పోయిన జీవి పనిని దాని బంధువు చేసినది. ఈ దీవికి పడవపై పోయి చూచివచ్చుటకు ఏర్పాటులు కలవు. ఇంటిపెరటిలో ఏమి పెరుగగలదో అచ్చట కన్నులార చూడవచ్చును.

తాటిజాతిలో ఏడు పెర్చులకు తగినవి మూడు కలవు. మొదటిది పాల్మిస్త్ బ్లాన్. సన్నని మాను, తుపాను వచ్చినపుడు ఆకులను రాల్చుకొని మానును నిలుపుకొనును. 1960లో కారొల్, 1975లో జెర్వేజ్, 1994లో హొలాండా తుపానులను చూచినవారికి ఈ గుణము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. దీని మొవ్వును కోసి విందులలో వడ్డించు ఆచారముచేత అడవిలో ఇది మిక్కిలి అరుదైనది. మొవ్వు కోసినచో చెట్టు చచ్చును. రెండవది సీసాతాటి. ఉబ్బిన మొదలుతో సీసావలె నుండును. ప్రపంచమంతట హోటళ్ల ముందర ఇది కనబడును. పుట్టినచోటు మాత్రము మారిషసునకు ఉత్తరమున 22 కిలోమీటర్ల దూరముననున్న రౌండు ఐలండు. అచ్చట విడిచిన మేకలును కుందేళ్లును మొలకలను తినివేయుటచేత వ్రేళ్లపై లెక్కింపదగినన్ని చెట్లు మాత్రమే మిగిలినవి. 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్లను తొలగించినపిమ్మట మరల మొలకలు నిలిచినవి. మూడవది నీలి లతానియే. విసనకఱ్ఱవంటి నీలిబూడిద ఆకులు, పసితనమున ఎఱ్ఱదనము.

లతానియే విషయములో ఒక మెలిక గలదు. మన తాటియందువలెనే దీనియందును పోతు వేరు, పెంటి వేరు. నల్లచేవమానును అట్టిదే. ఒక పెరటిలో ఒక చెట్టు నాటినవాడు పండ్లకై జీవితమంతయు ఎదురుచూచినను రావు. ఏడు పెర్చులలో రెండు లతానియేలకు తావు కష్టము. ఏది పోతో ఏది పెంటియో పూయువఱకు తెలియదు. కావున ఒక్క ఇంటివాడు చేయగల పని కాదిది. వీథిలో నలుగురైదుగురు మాటాడుకొని తలా ఒకటి నాటినచో గాలియు పురుగులును మిగిలిన పని చేయును. ప్రహరిగోడ విషయమై పొరుగువానితో పలుకులేనివాడు సైతము అతని లతానియే పోతా పెంటియా యని విచారింపవలసి వచ్చును. మనుష్యుల తగవులు చెట్లకు తెలియవు.

ఒంటరితనము చెట్టును ఎంతదూరము తెచ్చునో చూపుటకు క్యుర్‌పీప్ వృక్షోద్యానములోని తాటిచెట్టు చాలును. తన జాతిలో ప్రపంచమున తానొక్కటియే మిగిలినదని అది పేరొందినది. దానికి పోతుపూలును పెంటిపూలును రెండును పూయును గాని అవి ఒకే కాలమున విచ్చుకొనవు. ప్రయోగశాలలలో దాని పిండములను పెంచజూచిన యత్నములు నేలలో నిలువలేదు. ఇట్టిదే మరియొక కథ రొద్రిగ్ దీవిలో మంచిగా ముగిసెను. అచ్చటి కఫే మరొన్ అను మొక్క ఎప్పుడో నశించినదని గ్రంథములలో వ్రాసియుండిరి. 1980లో బడిపిల్లవాడొకడు బాటప్రక్కన నున్న ఒక్క పొదను చూపెను. అది రోగములకు మందని జనులు కొమ్మలు విఱిచికొనిపోవుచుండగా కంచెపై కంచె వేయవలసి వచ్చెను. 1986లో దాని కొమ్మలు లండను దగ్గరి క్యూ తోటకు పంపబడినవి. అచ్చట అంట్లు బ్రతికినవి, పూసినవి, కాని కాయ పట్టలేదు. కార్లొస్ మగ్దలేన యను తోటపనివాడు విసుగులేక యత్నింపగా 2003లో విత్తులు లభించెను. ఆ సంతతి మొక్కలు మరల రొద్రిగ్‌కు చేరినవి. మందుకొఱకు చెట్టును విఱుచువారు చెడ్డవారు కారు. ఇంటింట ఒక మొక్క ఉండినచో ఆ ఒక్క పొదపై అంత మంది పడియుండరు.

పెరటి తగవులలో మిక్కిలి వేడిగలది గబ్బిలముల తగవు. లిచ్చి, మామిడి పండినరాత్రులలో పండుగబ్బిలములు గుంపులుగా వచ్చి పడును. పండ్లమ్మి పిల్లల బడి జీతము కట్టుకొను కుటుంబమునకు తెల్లవారి చెట్టుక్రింద కొఱికిపడవైచిన కాయలు చూచిన దుఃఖము తక్కువది కాదు. 2015లోను 2016లోను ప్రభుత్వమువారు వేలకొలది గబ్బిలములను చంపించిరి. 2018లో ఈ జాతి ప్రపంచ పట్టికలో ప్రమాదస్థితికి చేర్చబడెను. రెండవ పక్షపు మాటయు వినదగినది. ఈ గబ్బిలమే దేశపు అడవిచెట్ల పండ్లను తిని విత్తులను కొండకొండకు మోయుచున్నది. డోడోయు, తాబేళ్లును, పెక్కు పక్షులును పోయినపిమ్మట ఆ పని చేయువారిలో పెద్దది ఇదియే. అడవిపండ్లు తరిగినందున అది పెరటిమీద పడుటలో ఆశ్చర్య మేమి? పెరటిచెట్టును పొట్టిగా కత్తిరించి, పండుకాలమున వల కప్పుట నేటికి చేయదగిన పని. వల ఖరీదు పేదవానికి భారమే. ఇరుగుపొరుగు కలిసి కొని, చెట్టువెంట చెట్టునకు మార్చుకొనుచున్న వీథులవారు తెలివిగలవారు.

పట్టణమున మేడమీది ఇండ్లలో నుండువారికి నేల లేదు. వారు బ్వా ద షాందెల్‌ను కుండలో పెంచవచ్చును. లోకమంతట కచేరీలలో అలంకారమునకు పెట్టు మొక్కయే అది. అది ఈ దీవి మొక్క యని పెక్కుమందికి తెలియదు. కొంత నీడకును, నీటి కొరతకును ఓర్చుకొనును. పోర్టు లూయీలో 2013 మార్చి 30వ తేదీన వచ్చిన ఆకస్మిక వరదలో 11 మంది మరణించిరి. ఆ దినము చూచినవారు పెరడంతయు సిమెంటు పోయుటకు జంకుదురు; వాననీరు ఇంకుటకు కొంత మట్టి విడువవలెను. పేటలలోను ఈ సిమెంటు జాడ్యము పెరుగుచున్నది. ఊడ్చుట సులభమని కారణము చెప్పుదురు.

నాటువిధమును గూర్చి కొన్ని మాటలు. చెఱకు నేల యంత్రముల త్రొక్కుడుచేత గట్టిపడియుండును. గుంట మోకాలిలోతు త్రవ్వి అడుగు గుల్ల చేయవలెను. చెఱకు పొలములలో కుప్పలుగా పోసిన నల్లరాళ్లను మొక్క మొదట చుట్టును పేర్చినచో తేమ నిలుచును. ఎండిన చెఱకాకు పఱచినచో మరియు మేలు. తోటలో పనిచేసినవారికి ఈ పని ఎవరు నేర్పవలెను? ఎరువు ఎక్కువ వేయరాదు. పడమటి పొడిప్రాంతములందు బందారు, బ్వా దొలీవ్, సీసాతాటి, లతానియే నాటవచ్చును. తీరమున బాలబంది తీగ. తడిగా నుండు మెరకనేలలకు తాతామాకా తగును. మొదటి రెండేండ్లు వానలు లేని నెలలలో నీరు పోయవలెను. తరువాత అవి తమంతట బ్రతుకును. నల్లచేవమాను ఏడాదికి ఎంత పెరిగినదో చూడబోయినవాడు నిరాశపడును. దానిని నాటి మరచిపోవుట మేలు.

మొక్కలను అడవినుండి పెరికి తేరాదు. 2015 నాటి చట్టము దేశపు వన్యసంపదను కాపాడుచున్నది, చట్టము లేకున్నను మిగిలినవాటిని దోచి పెరడు నింపుట పని కాదు. అడవిశాఖవారి నారుమళ్లలో అడుగవలెను. అడుగునపుడు “దేశపు మొక్క” అని ఊరక అడిగినచో ఫ్లాంబోయాను చేతికిచ్చుటయు కలదు. పేరు చెప్పి అడుగవలెను. వానకాలము నవంబరు మొదలు ఏప్రిలువఱకు. ఉగాదినాడు కొత్తమొక్క నాటుట శుభమని కొందరు నాటుదురు గాని, అప్పటికి వానలు ముగియవచ్చియుండును; మొక్క వేరూనకమునుపే వానలు లేని నెలలు వచ్చును. దీపావళినాటికి గుంటలు త్రవ్వియుంచి, మొదటి గట్టివాన పడిన మరునాడు నాటుట మంచిది. ఉగాదినాటికి వేపపువ్వు కోయబోయిన ముసలమ్మకు ప్రక్కన లతానియే ఎఱ్ఱని తొలియాకు కనబడును.